పంపుహౌస్ నాలుగులో ఆగిన నిమిషాలు

ఆగుడు 1. అక్టోబరు 6, ఉదయం 9.40. పన్నెండు నిమిషాలు.

కారణం: అలసట.

ఈ మాట రాయడానికి పుస్తకంలో గడి లేదు. యంత్రలోపం, కరెంటు అంతరాయం, ప్రమాదం, మరణం అని నాలుగే గళ్లున్నాయి. మరణం గడిలో కాస్త ఖాళీ కనబడితే అందులో ఇరికించాను. చదివేవాళ్లు కంగారు పడవద్దు. బతికే ఉన్నాను.

నా పేరు మోకా నాంచారమ్మ. వయసు నలభై ఆరు. సముద్రపు కట్ట మీద నాలుగో పంపుహౌస్‌లో ఆపరేటర్ని. కట్టకు ఒకవైపు సముద్రం, రెండోవైపు దిగువపేట. పేరుకు తగ్గట్టే ఆ ఊరు సముద్రమట్టానికి మూడు మీటర్లు దిగువన ఉంటుంది. పదకొండు వేల మంది జనం. ఊట నీరు, వాన నీరు, వాళ్లు వాడి పారబోసిన నీరు అంతా కాలవలో పడి మా దగ్గరికి వస్తుంది. ఆరు పంపులతో ఎత్తి అవతల సముద్రంలో పోస్తాం. సముద్రం మళ్లీ ఊరి కిందనుంచి ఊరుతుంది. మళ్లీ పోస్తాం. ఈ పని ఎప్పటికి పూర్తవుతుందని ఉద్యోగంలో చేరిన కొత్తలో అడిగాను. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

రెండేళ్ల కిందట పట్టీలు వచ్చాయి. చెవి వెనక అంటించుకునే వేలెడు ముక్క. అది ఉన్నంతసేపూ అలుపు తెలియదు. ఎనిమిది గంటలు ఏకబిగిన పని చేయవచ్చన్నారు. నెల తిరక్కుండానే చేసి తీరాలన్నారు. మధ్యలో విరామాలు ఎత్తేశారు. టీ గదిలో పట్టీల పెట్టెలు పేర్చి సామాన్ల గది చేశారు. కుర్చీలు ఎటు పోయాయో దేవుడికే తెలియాలి.

నాకు పట్టీ పడలేదు. మొదట దురద, తర్వాత బొబ్బలు, ఆఖరికి పోయిన నెల మెడంతా బూరెలా పొంగింది. "ఇంకోసారి అంటించావంటే చెవి ఊడి చేతికొస్తుంది" అని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. ఆ చీటీ పట్టుకుని మా పనితీరు అధికారి మహీధర్ గారు చాలాసేపు ఆలోచించారు. తర్వాత ఈ పుస్తకం నా చేతిలో పెట్టారు.

"మీరు ఆగిన ప్రతిసారీ ఎప్పుడు, ఎంతసేపు, ఎందుకు అన్నది రాయాలి నాంచారమ్మ గారూ."

"ఎందుకంటే ఏం రాయమంటారు సార్?"

"నిజం రాయండి."

కాబట్టి ఇందులో ఏమున్నా ఆ బాధ్యత ఆయనది.

ఆగుడు 4. అక్టోబరు 7, ఉదయం 11.30. పది నిమిషాలు.

కారణం: కాళ్లు.

పొద్దుటినుంచీ ఊచల జాలీ దగ్గరే ఉన్నాను. కాలవలో కొట్టుకొచ్చే చెత్త పంపుల్లోకి పోకుండా ఆపేది అదే. చెత్త ఎత్తడానికి ఒక యంత్రపు చెయ్యి ఉంది గానీ, దానికి గుర్రపుడెక్క అంటే గిట్టదు. రెండు బుట్టలెత్తి అలుగుతుంది. మిగతాదంతా కొక్కెం కర్రతో నేనే లాగాలి. ఇవాళ ఒక పరుపు, ఒక తలుపు, తాళం వేసిన సూట్‌కేసు వచ్చాయి.

కట్ట మీదికెక్కి, బకెట్ బోర్లించి కూర్చున్నాను. వెంటనే గోడకున్న స్పీకరు అందుకుంది. "నాంచారమ్మ గారూ, మీరు కదలక ఒక నిమిషం అయింది. అంతా కుశలమేనా?" మర్యాదలో అది మా మేనత్తను మించిపోయింది. నిమిషానికోసారి కుశలం అడుగుతుంది. పదిసార్లు కుశలమేనని చెప్పాను.

నేను పుట్టిన వీధి కట్టకు అవతల, పడవలకు గుర్తుగా కట్టిన ఎర్ర బుడ్డి తేలుతున్న చోట నీళ్ల అడుగున ఉంది. ఇప్పుడక్కడ పీతలు కాపురం ఉంటున్నాయి. మాకన్నా సఖ్యంగానే ఉన్నట్టున్నాయి, పోట్లాటలు వినబడడం లేదు.

పది నిమిషాలయ్యాక లేస్తే ఒళ్లు నా మాట వినడం మొదలుపెట్టింది. మిగిలిన గుర్రపుడెక్క అరగంటలో లాగేశాను. ఉత్సాహం పట్టలేక సూట్‌కేసు తాళం కూడా పగలగొట్టాను. లోపల ఇంకో సూట్‌కేసు ఉంది. దానికీ తాళమే.

ఈ పేజీ మీద మహీధర్ గారు ఆకుపచ్చ సిరాతో "కాళ్లు అన్నది కారణం కాదు" అని రాసి పంపారు. "మీకూ రెండున్నాయి కదా సార్, ఒకసారి వాటిని అడగండి" అని కింద రాసి తిప్పి పంపాను.

ఆగుడు 9. అక్టోబరు 9, ఉదయం 10.15. పదకొండు నిమిషాలు.

కారణం: చప్పుడు.

కూర్చున్నది మామూలుగా కాళ్ల కోసమే. చప్పుడు తర్వాత వినబడింది.

పంపుల మధ్య తిరుగుతున్నప్పుడు ఆరింటి హోరూ కలిసి ఒకటే మోత. కట్ట మీద కళ్లు మూసుకుని కూర్చుంటే నాలుగైదు నిమిషాలకు దేనికది విడిపోతుంది. ఒకటోది గుర్రు పెడుతుంది. మూడోది ఈల వేస్తుంది. ఇవాళ ఐదోది పళ్లు నూరుతోంది.

వెళ్లి ఏసుదాసు అన్నకు చెప్పాను. ఆయన మా మెకానిక్కు. యాభై రెండేళ్లు. ఈ పంపులు బిగించినప్పుడు వాటి మీద పడిన చేతులు ఆయనవే. పట్టీ అంటించుకున్న దగ్గర్నుంచి ఆయన నడవగా నేను చూడలేదు. పరుగే.

"ఐదోదాంట్లో ఏందో గరగరలాడతంది దాసన్నా."

"నిన్ననే గ్రీజు పెట్టా. రికార్డు చూసుకో."

"రికార్డు గరగరలాడట్లా. పంపు గరగరలాడతంది."

"పట్టీ లేదుగా నీకు, చెవులు గూడా అలిసిపోయుంటయ్."

నేను అక్కడినుంచి కదల్లేదు. నన్ను వదిలించుకోవడానికైనా విప్పక తప్పలేదు ఆయనకు. ముందు షట్టరు దించాం. ఆగిన పంపుకు షట్టరు తెరిచి ఉంటే సముద్రం అదే గొట్టంలోంచి వెనక్కి ఊళ్లోకి నడిచొస్తుంది. ఉద్యోగంలో మొదటిరోజు చెప్పే మాట ఇది. పంపు ఆపి, మూత విప్పితే లోపల బేరింగు మాడి నీలం రంగుకు తిరిగి ఉంది. గ్రీజు చుక్క లేదు. ఇంకో రోజు తిరిగితే విరిగి పంపు మొత్తం పోయేది.

దాసన్న రికార్డు తెరిచాడు. 'అక్టోబరు 8, పంపు 5, గ్రీజు పెట్టడమైనది.' కింద ఆయన వేలిముద్ర. దాన్ని చాలాసేపు చూశాడు.

"నేనే పెట్టా నాంచారీ. పెట్టినట్టు బాగా గుర్తుంది."

"ఏ పంపుకి?"

నాలుగోది విప్పితే గ్రీజు పొంగి మా కాళ్ల మీద పడింది. దానికి మూడుసార్లు పెట్టి ఉంటాడు.

ఆయన నవ్వలేదు. చేతులు తుడుచుకుంటూ అట్లాగే నిలబడ్డాడు. 

ఆగుడు 14. అక్టోబరు 12, మధ్యాహ్నం 12.50. పదిహేను నిమిషాలు.

కారణం: చుట్టాలు.

దాసన్న భార్య మేరీరత్నం వదిన కారియర్ తీసుకుని వచ్చింది. అది ఆయన కోసం తెచ్చినా నా పక్కన కూర్చుంది. ఇంకో బకెట్ బోర్లించి ఇచ్చాను.

"ఆయన కూచుని అన్నం తిని రెండేళ్లయింది నాంచారీ. నించుని, గోడకేసి చూత్తా తింటాడు. ఇంటికొచ్చి పట్టీ పీకంగానే దభీమని పడిపోతాడు. మళ్లీ పొద్దున్నే అంటించుకుంటే లేత్తాడు. మొన్న నా పేరు మర్చిపోయాడు. 'ఇదిగో, ఇదిగో' అంటన్నాడు. ముప్పై ఏళ్ల కాపరం!"

"తర్వాత గుర్తొచ్చిందా?"

"వచ్చింది. మా చెల్లెలి పేరు పెట్టి పిలిచాడు."

ఇద్దరం నవ్వాం. వదిన నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నీ మాటంటే గురి ఆయనకి. ఒక్క పది నిమిషాలు కూచోబెట్టవే. పని మానమని నేననట్లా. కూచోమంటన్నా, అంతే."

ఆగుడు 16. అక్టోబరు 13, ఉదయం 10.00. నలభై నిమిషాలు.

కారణం: అధికారితో సమావేశం. ఈ నలభై నిమిషాలు నా ఖాతాలో వేయడం అన్యాయం.

దాసన్నా నేనూ నెల రోజుల రికార్డు తిరగేశాం. చేసినట్టు రాసి, నిజానికి చేయని పనులు పదకొండు తేలాయి. అన్నీ ఆయనవి కావు, మూడు షిఫ్టుల వాళ్లవీ ఉన్నాయి. ఎవరూ దొంగలు కారు. అందరూ చేశామనే నమ్ముతున్నారు. పట్టీ అలుపును తీసేయడం లేదు, అలుపు సంగతి మనిషికి చెప్పకుండా దాస్తోంది. అంతే తేడా.

మహీధర్ గారు ఓపికగా విన్నారు. వయసు ముప్పై నాలుగు, వరంగల్ వైపు మనిషి, చాలా మర్యాదస్థుడు. విన్నాక గోడ మీద ఒక గీత వెలిగించి చూపించారు. మన బతుకులో ఏదీ అంత తిన్నగా పైకి పోవడం నేను చూడలేదు.

"పట్టీలు వచ్చాక నమోదైన పనులు ముప్పై శాతం పెరిగాయి నాంచారమ్మ గారూ."

"నమోదైనవి పెరిగాయి సార్. జరిగినవి?"

"నమోదు కానిది జరిగినట్టు కాదు కదా."

"నమోదైతే జరిగినట్టేనా?"

ఆయన కాఫీ గ్లాసు దగ్గరికి లాక్కున్నారు. కళ్లు జేగురు రంగులో ఉన్నాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ కాఫీలో చక్కెర వేసుకున్నారు, కలిపారు, మళ్లీ వేసుకున్నారు, మళ్లీ కలిపారు. మూడోసారి వేసుకోబోతే గ్లాసు పక్కకు జరిపాను.

"మీరు ఊరికే కూర్చుని ఎన్నాళ్లయింది సార్?"

"నేను రోజంతా కూర్చునే పని చేస్తాను."

"ఊరికే, అన్నాను."

ఆ ప్రశ్న ఆయనకు అర్థం కాలేదు. వెక్కిరింపుగా రాయడం లేదు, నిజంగానే అర్థం కాలేదు.

సాయంత్రం ఆకుపచ్చ సిరా ఉత్తర్వు వచ్చింది. తోటి సిబ్బందిలో సోమరితనం వ్యాపింపజేస్తున్నందుకు నన్ను పంపుల నుంచి తప్పించారు. తదుపరి ఆదేశాల దాకా సామాన్ల గది ఖాళీ చేసి శుభ్రం చేయాలట. శిక్షగా నాకు మా పాత టీ గదిని అప్పగించిన మొదటి అధికారి ఈయన.

ఆగుడు 21. అక్టోబరు 17, ఉదయం 11.00. పది నిమిషాలు.

కారణం: టీ.

పెట్టెల వెనక స్టవ్వు దొరికింది. గిన్నె దొరికింది. కుర్చీలు దొరకలేదు గానీ, పట్టీల పెట్టెలు కూర్చోవడానికి భేషుగ్గా ఉన్నాయి. వాటి వల్ల మనిషికి సుఖం కలగడం ఇదే మొదలు.

మూడు రోజులుగా దాసన్న వస్తున్నాడు. పట్టీ పీకేశాడు. మొదటిరోజు ఐదు నిమిషాలు కూడా కూర్చోలేకపోయాడు. చేతులు ఒళ్లో పెట్టుకుంటే అవి వాటంతటవే గ్రీజు గన్ను కోసం వెతుకుతున్నాయి. "తప్పు చేత్తన్నట్టుంది నాంచారీ" అన్నాడు. రెండోరోజు గోడకు ఆనుకుని కునికాడు. నేనే లేపాను. లేచి ఎక్కడున్నాడో తెలియక కంగారుపడి, తెలిశాక సిగ్గుపడ్డాడు.

ఇవాళ టీ ఒక గుక్క తాగి, "పంచదార ఎక్కువేశావే" అన్నాడు. రెండేళ్లలో దాసన్న దేని మీదైనా ఫిర్యాదు చేయడం ఇదే మొదటిసారి.  ఇంకో చెంచా వేసి ఇచ్చాను.

తాగి లేచి, ఎవరూ చెప్పకుండానే ఆరు షట్టర్ల పళ్లచక్రాలూ చూసి వచ్చాడు. ఈల వేస్తూ పోయాడు, ఈల వేస్తూ వచ్చాడు. షట్టర్లు పైకి ఉన్నాయో కిందికి ఉన్నాయో చెప్పే పరికరాలు ఉప్పుగాలికి చచ్చిపోయి ఏడాదయిందట. కొత్తవి ఇంకా రాలేదు. అందాకా మీటలుండే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు 'మూశాను' అని రాసుకుంటే తెర మీద 'మూసి ఉంది' అని కనబడుతుంది. అట్లా సర్దుబాటు చేశారు. నేను కూడా మా ఇంటి వంటింట్లో 'గిన్నెలు తోమడమైనది' అని రాసి పెడదామనుకుంటున్నాను.

ఆగుడు 26. అక్టోబరు 20, ఉదయం 8.30. పది నిమిషాలు.

కారణం: భయం.

తుపాను రేపు మధ్యాహ్నానికి. ఎనిమిది మంది కొత్త మనుషుల్ని పంపారు. అందరికీ రెండేసి పట్టీలు, చెవికొకటి. దాసన్న వద్దన్నాడు. మహీధర్ గారు వాదించబోయి, ఏం వాదించాలో మరిచిపోయి వెళ్లిపోయారు. ఆయన చెవుల వెనకా రెండున్నాయి.

ఆగుడు 27. అక్టోబరు 21, మధ్యాహ్నం. ఎన్ని నిమిషాలో చెప్పలేను, సంగతి కింద రాశాను.

ఇది మర్నాడు రాస్తున్నాను. నిన్న చేతులు పెన్ను పట్టుకునే స్థితిలో లేవు.

పొద్దున తొమ్మిదికి వాన మొదలైంది. పదకొండు గంటలకు కాలవలో నీళ్ల కన్నా చెత్త ఎక్కువైంది. రెండో పంపులో ఏదో మొద్దు ఇరుక్కుని ఆగిపోయింది. దాసన్న దాన్ని తీయడానికి కింద గోతిలోకి దిగాడు. షట్టరు దించే పని మహీధర్ గారిది. ఆయన బల్ల దగ్గర మీట నొక్కితే మోటారు దించుతుంది.

నాకు పంపుల దగ్గరికి పోయే అనుమతి లేదు. ఒంటిగంట దాకా బస్తాల్లో ఇసుక నింపాను. తర్వాత టీ గదిలో కిటికీ దగ్గర గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఊపిరి తీసుకుంటూ కాలవకేసి చూస్తున్నాను. గుర్రపుడెక్క తేలుతూ పోతోంది. బాగా పోతోందే అనుకున్నాను. రెండు గుక్కలయ్యాక తట్టింది, అది కట్ట వైపు రావాలి కదా. ఊరి వైపు పోతోంది.

గ్లాసు ఎక్కడ పడేశానో తెలియదు. బల్ల గదిలోకి పరిగెత్తాను. మహీధర్ గారు తెర ముందు కళ్లు తెరుచుకునే ఉన్నారు.

"రెండో షట్టరు తెరిచుంది సార్! సముద్రం లోపలికొస్తోంది!"

"మూసి ఉంది." తెర మీద వేలు పెట్టారు. 'షట్టరు 2: మూసి ఉంది.' గోడమీది స్పీకరు కూడా ఆయనకే వంత పాడింది. "షట్టరు రెండు మూసి ఉంది. అంతా కుశలమే."

చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్లాను. చూశారు. ముఖం పాలిపోయింది. ఇంతకాలం వాడిన పుస్తకాల భాష ఎటో పోయింది.

"ఏమైతాంది నాంచారమ్మా? బంద్ జేసిన గదా నేను? జేసిన... జేసిన్నా?"

మీట నొక్కారు. మోటారు షట్టరును కాస్త దించి, మూలిగి, కాలిన వాసన వేసి ఆగిపోయింది. నీళ్ల తోపుకు అది చాలలేదు.

ఇక మిగిలింది కట్ట మీద చేత్తో తిప్పే చక్రం. బండి చక్రమంత ఉంటుంది. ఇంకా మూడు వందల చుట్లు తిప్పితే గానీ షట్టరు పూర్తిగా దిగదు. మేం వెళ్లేసరికే కొత్తవాళ్లలో ఇద్దరు దానిమీద పడ్డారు. ఆపకుండా, ఊపిరి కూడా పీల్చకుండా నలభై చుట్లు తిప్పేశారు. ఒకడి అరచేతుల తోలు లేచి రక్తం కారుతోంది, వాడికి తెలియదు. గోతిలోంచి పైకొచ్చిన దాసన్న పళ్లచక్రం చూసి అరిచాడు.

"ఆపండ్రా! తెరుత్తన్నార్రా దాన్ని!"

వాళ్లు వెనక్కి తిప్పుతున్నారు. అంటే ఇప్పుడు మూడు వందల నలభై.

దాసన్నా నేనూ పట్టుకున్నాం. గాలి కట్ట మీద మనిషిని నిలవనివ్వడం లేదు. ఇరవై చుట్లకు నా భుజాలు పనిచేయడం మానేశాయి. చక్రం వదిలేసి, "తర్వాతి ఇద్దరూ రండి, మిగతావాళ్లు గోడ పక్కన కూచోండి" అన్నాను.

"ఊరు మునుగుతుంటే కూచోమంటావేంటక్కా?" అన్నాడు రక్తం కారుతున్నవాడు.

"కూచోకపోతే మునుగుద్ది. ఇరవై చుట్లు, తర్వాత కూచోటం. ఎవరైనా సరే."

దాసన్న గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇద్దరు తిప్పుతారు. ఇరవై అనగానే వదిలేసి గోడ చాటుకు వచ్చి కూలబడతారు. తర్వాతి ఇద్దరు. వరుస తిరిగొచ్చేసరికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ నేను కూర్చున్నాను. కింద దిగువపేటలో జనం అరుపులు గాలికి ముక్కలు ముక్కలుగా వినబడుతున్నాయి. లేచి చక్రం మీద పడాలని ఒళ్లంతా లాగుతోంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని చేయలేదు. ఇరవై ఏళ్ల పంపుల చాకిరీ దాని ముందు ఆటే.

కానీ వరుస వచ్చి లేస్తే చేతుల్లో బలం ఉంది. రెండోసారీ ఉంది. మూడోసారీ ఉంది. మొదట్లో నన్ను నిలదీసినవాడు తర్వాత తనంతట తనే వచ్చి నా పక్కన కూర్చుని, అరచేతులు వానకు పట్టి, "అబ్బా, మండుతుందక్కా" అన్నాడు. వాడి రెండు పట్టీలూ తడిసి ఊడిపోయాయి.

మహీధర్ గారు మూడు వరుసలు తిప్పారు. ఎనభై కిలోల మనిషి చక్రానికి వేలాడుతుంటే నేనే పట్టుకుని దించి కూర్చోబెట్టాను. వణుకుతున్నారు. 

రెండూ పదికి దాసన్న "అయిపోయింది" అన్నాడు. ఎవరూ కేకలు వేయలేదు. అందరం ఉన్నచోటే వానలో కూర్చుండిపోయాం. ఆ కూర్చోవడం ఎన్ని నిమిషాలో రాయలేను. ఎవరికీ గుర్తు లేదు.

కట్టకింద వీధిలో నలభై రెండు ఇళ్లలోకి నడుంలోతు నీళ్లు వచ్చాయి. మనిషెవరూ పోలేదు. రెండు మేకలు, వీధి మొదట్లోని దర్జీ దుకాణం పోయాయి.

ఆగుడు 28. అక్టోబరు 22, ఉదయం 11.00. పది నిమిషాలు.

కారణం: సంతకం.

మహీధర్ గారు పై ఆఫీసుకు పంపే నివేదిక తెచ్చారు. సాక్షిగా నా సంతకం కావాలట. చదివాను. 'షట్టరు 2 మూయకపోవడానికి మెకానిక్ ఏసుదాసు నిర్లక్ష్యం కారణం. సదరు వ్యక్తి పట్టీ ధరించడానికి నిరాకరించినాడు.'

ఆ క్షణాన ఆయన్ని కొక్కెం కర్రతో కాలవలోకి లాగేద్దామనిపించింది. కానీ ముఖం చూశాను. అబద్ధం చెబుతున్న ముఖం కాదు. చెవుల వెనక కొత్త పట్టీలు.

"ఇది ఎవరు చెప్పారు సార్?"

"రికార్డులో ఉంది. నేను పన్నెండూ పదికి షట్టరు మూసినట్టు ఉంది. కాబట్టి తర్వాత ఎవరో తెరిచి ఉండాలి. ఆ చుట్టుపక్కల ఉన్నది ఏసుదాసు ఒక్కరే."

"సంతకం పెడతాను సార్. ఇప్పుడు కాదు. ఆ రెండూ పీకి, పడుకుని లేవండి. లేచాక కూడా ఇదే మాటంటే అప్పుడు పోట్లాడదాం. ఇప్పుడు మీతో పోట్లాడితే నాకు మర్యాద కాదు."

నివేదిక మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఒక్కొక్కటే పీకి నా చేతిలో పెట్టారు. టీ గదిలో పెట్టెల మీద దుప్పటి పరిచాను. పడుకున్నారో లేదో, ఒళ్లు తెలియని నిద్ర.

దాసన్నకు నివేదిక సంగతి చెప్పాను. ఆయన వెళ్లి రెండో షట్టరు మోటారు విప్పుకుంటూ కూర్చున్నాడు. మధ్యాహ్నం వదిన తెచ్చిన అన్నం నేల మీద కూర్చునే తిన్నాడు గానీ, సగం వదిలేశాడు.

ఆగుడు 29. అక్టోబరు 23, ఉదయం 9.00. ఇరవై నిమిషాలు.

కారణం: మహీధర్ గారు లేచారు.

టీ ఇచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని దాసన్న ఎదురుగా కూర్చున్నారు. దాసన్న తల ఎత్తలేదు.

"నేను మూయలేదు" అన్నారు మహీధర్ గారు. "మూద్దామని అనుకున్న. ఆ అనుకున్నదే యాదికుంది. రికార్డులో ఎక్కించి, మీట నొక్కకుండ తెర చూసుకుంట కూసున్న. మీ మీద రాసిన, ఏసుదాసు గారూ. మీరు గోతిలో ఉన్నప్పుడు నీళ్లు మీ మీదికే వచ్చినయి గదా?"

"మొద్దు ఊడంగానే మెడ దాకా వచ్చినయ్ సార్."

 మహీధర్ గారు పాత నివేదిక చింపారు. కొత్తది నా ముందే రాశారు. తప్పు చేసినవారు అన్నచోట తన పేరు రాశారు. మేం తేల్చిన పదకొండు పనుల జాబితా, నా ఈ పుస్తకం నకలు దానికి జత చేస్తానన్నారు. కాళ్ల గురించి రాసిన పేజీ తీసేయమంటారా అని అడిగాను. అక్కర్లేదన్నారు.

ఆగుడు 31. అక్టోబరు 24. ఒక రోజు సెలవు.

నివేదిక పంపి ఊరుకోవచ్చు. పై ఆఫీసు తీరిక చేసుకుని చదివేసరికి వీధి ఆరిపోయి ఉండేది. కానీ మహీధర్ గారు కట్టకింద వీధికి పోతానన్నారు. ఒంటరిగా పంపబుద్ధి కాక నేనూ వెళ్లాను.

వీధంతా బురద. పరుపులు, బియ్యం, పిల్లల పుస్తకాలు ఎండకు పరిచి ఉన్నాయి. ఆయన వీధి మధ్యలో నిలబడి, గొంతు పెంచి, తను ఎవరో, షట్టరు దగ్గర ఏం చేయలేదో చెప్పారు. క్షమించమని కూడా అనలేదు. చెప్పి ఊరుకున్నారు. దర్జీ అతను ఒక బూతు తిట్టి, ముఖం తిప్పుకుని వెళ్లిపోయాడు. మిగతావాళ్లు తలలు వంచుకుని పరుపులు తిరగేయడంలో పడ్డారు. దానికే ఎక్కువ భయం వేసింది నాకు.

చివరికి తిరుపాలమ్మ అనే ముసలామె, మొదటి ఇంటావిడ, చేతిలోని పార ఆయన ముందు పడేసింది.

"చెప్పటం అయిందిగా. ఇక బురద తియ్యి."

తీశారు. పార పట్టడం తెలియదు ఆయనకు. ఒక ఊపులో, తల ఎత్తకుండా, గంటన్నర తీశారు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. దగ్గు మొదలైంది. అయినా ఆపలేదు. గడప మీద కూర్చుని చూస్తున్న తిరుపాలమ్మకే విసుగొచ్చింది.

"నిన్ను చూత్తంటే నాకు ఆయాసం వత్తంది. కాసేపు కూచోరాదా?"

"నేను కూర్చోకూడదమ్మా. నా వల్లనే కదా..."

"నీ వల్లే. ఎవరు కాదన్నారు? పార అట్టా విసిరితే మజ్జానానికి పడిపోతావ్, నిన్నెత్తుకెళ్లే పని గూడా మాదే అవుద్ది. ఇటు అరుగు ఆరింది, కూచో."

ఆయన నావైపు చూశారు.  వెళ్లి ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నారు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వీధిని చూశారు. ఆమె చెంబుతో నీళ్లిచ్చింది. తాగారు. ఆమె పోయిన మేకల గురించి చెప్పింది, రెండిటికీ పేర్లున్నాయి. ఆయన విన్నారు. మధ్యలో ఒకసారి ఏడ్చారు. ఆమె ఆపకుండా రెండో మేక కథలోకి వెళ్లిపోయింది.

కథ అయ్యాక ఆయనే లేచి, పార తీసుకుని, తర్వాత ఏ ఇల్లు అని అడిగారు. సాయంత్రానికి ఏడిళ్లు అయ్యాయి. ఒక్కో ఇంటికి ఒకసారి కూర్చున్నారు. ఏడో ఇంటి దగ్గర దర్జీ వచ్చి, బురద తట్టను రెండోవైపు పట్టుకున్నాడు.

వచ్చేటప్పుడు మహీధర్ గారు రేపు కూడా వస్తానని వీధిలో చెప్పారు. ఎవరూ రమ్మనలేదు. ఎవరూ రావద్దని కూడా అనలేదు. తిరుపాలమ్మ మాత్రం పారను లోపల పెట్టకుండా అరుగు మీదే వదిలేసింది.